పాత మారుతి 800: గాలి పోయిన స్టెప్నీ, తుప్పు పట్టిన రిమ్ము, ఊడని నట్లు

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2003లో కొన్న మారుతి 800 రెండేళ్ళ క్రితం నా చేతికి వచ్చింది. ఆయనకు చూపు తగ్గి నడపడం మానేసిన తర్వాత బండి చాలాకాలం ఇంటి వెనక రేకుల షెడ్డులోనే నిలబడి ఉంది. ఇప్పటికీ ఏడాదికి రెండు వేల కిలోమీటర్లకు మించి తిరగదు. ఇంజన్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టినవి చక్రాలు.

గత నెల అమ్మానాన్నలను తీసుకుని అన్నవరం బయలుదేరాము. జగ్గంపేట దాటిన కాసేపటికి వెనక ఎడమ చక్రంలో గాలి ఒక్కసారిగా పోయింది. డిక్కీలో చాప ఎత్తి చూస్తే స్టెప్నీ ఉండే గుంటలో అరంగుళం నీళ్ళు నిలిచి ఉన్నాయి, రిమ్ము అంచు పొరలు పొరలుగా లేస్తోంది, టైరును బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. పంక్చరైన చక్రాన్నయినా విప్పి ఆటోలో వేసుకుని వెళదామనుకుంటే నాలుగు నట్లలో రెండు కదలలేదు. బండితో వచ్చిన పానా మీద ఎక్కి నిలబడితే ఒక నట్టు మూలలు అరిగిపోయాయి. జాకీ ఎత్తుతుండగా కరకరమని శబ్దం వచ్చి తలుపు కింది రేకు లోపలికి నొక్కుకుపోయింది. చివరికి ఒక లారీ డ్రైవరు బండి ఆపి, తన పొడవాటి పానాతో నట్లు విప్పి, జాకీకీ రేకుకీ మధ్య చెక్కముక్క పెట్టి సాయం చేశారు. దగ్గరలోని కొట్టులో ట్యూబు మార్పించుకుని ఇంటికి తిరిగి వచ్చాము, దర్శనం వాయిదా పడింది.

ఇంటికి వచ్చాక టైర్ల మీది అంకెలు చూశాను. ముందు రెండింటికీ పక్కన అచ్చు వేసిన డీవోటీ అక్షరాల (తయారీ సంకేతం) చివర 1817 అని, వెనక రెండింటికీ 3414 అని ఉంది. ముందువి ట్యూబులెస్, వెనకవి ట్యూబువి. స్టెప్నీ మీద 2303 అని ఉంది. అది ఇంతవరకు నేల తాకినట్టే లేదు, కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. అందుకే దాన్ని పారేయడానికి మనసు ఒప్పడం లేదు. కొత్త ట్యూబు వేయించి వాడుకోవచ్చా? ఆ రిమ్ము బాగుపడుతుందా? పాత రిమ్ములకు ట్యూబులెస్ టైర్లు వేస్తే గాలి నిలుస్తుందా? నట్ల సంగతి, డిక్కీలోకి వచ్చే నీళ్ళ సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: టైర్ల కొట్టు (విజయవాడ)

గోదావరి గట్టు గారూ, ఇరవై ఆరేళ్ళుగా ఆటోనగర్‌లో టైర్ల పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

2303 అంటే 2003వ సంవత్సరం 23వ వారం, అంటే జూన్ మొదటివారం. మీ బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైరు అది. తిరగని టైరు చెడదని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది, అది తప్పు. రబ్బరు పగలకుండా కాపాడే మైనమూ మందులూ టైరు తయారీలోనే కలుపుతారు. టైరు తిరుగుతూ ఒంగుతూ ఉన్నప్పుడు అవి లోపలి నుంచి పైపొరకు చేరుతుంటాయి. కదలకుండా పడి ఉన్న టైరుకు ఆ రక్షణ సరిగా అందదు, గాలీ వేడీ మాత్రం తమ పని తాము చేసుకుంటూ పోతాయి. రేకుల షెడ్డు కింద మూసిన డిక్కీలో మే నెల ఎండకు ఇరవైరెండు వేసవులు కాగిన రబ్బరు అది. వీలైతే గాలి పూర్తిగా తీసేసి, పక్క గోడను రెండు చేతులతో ఒంచి, వెలుతురులో చూడండి. వెంట్రుకల్లాంటి పగుళ్ళు వరుసగా తెరుచుకుంటాయి. పైకి కనపడకపోయినా లోపలి దారాలకూ రబ్బరుకూ మధ్య పట్టు పోయి ఉంటుంది. అటువంటి టైరు షెడ్డులో గాలి నిలుపుతుంది, హైవే మీద ఎనభై స్పీడులో పైపొర చీలి ఊడుతుంది.

పెద్ద టైర్ల కంపెనీలు చెప్పే మాట ఒక్కటే: అయిదేళ్ళు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలి, తయారైన తేదీ నుంచి పదేళ్ళు నిండితే ఎంత బాగా కనిపించినా మార్చేయాలి, ఆ లెక్కలో స్టెప్నీ కూడా ఉంటుంది. బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరి నుంచి లారీల, బస్సుల ముందు చక్రాలకు పదేళ్ళు దాటిన టైర్లు వాడకూడదని చట్టమే చేశారు. మన దగ్గర కార్ల టైర్లకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్న నిబంధననే అందరూ పట్టుకుంటారు. తక్కువ తిరిగే బండికి ఆ కొలత పనికిరాదు, ఎందుకంటే మీ టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి. అందుచేత స్టెప్నీతో పాటు 3414 టైర్లు రెండూ కూడా తీసేయవలసినవే. తేదీ ఉన్న పూర్తి డీవోటీ వరుస చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడు ఆ అంకెలు బయటికి కనపడేలా ఎక్కించమని అడగండి, లేకపోతే తర్వాత బండి కిందికి దూరి చూసుకోవాలి.

ఇక వెనక చక్రంలో గాలి ఒక్కసారిగా ఎందుకు పోయిందంటే, అది ట్యూబు టైరు కాబట్టి. ట్యూబుకు రంధ్రం పడగానే గాలి ట్యూబుకూ టైరుకూ మధ్యకు చేరి, వాల్వు చుట్టూ ఉన్న సందులోంచి బయటికి పోతుంది. ట్యూబులెస్‌లో మేకు దిగినా రబ్బరు దాని చుట్టూ బిగిసి ఉంటుంది, గాలి నెమ్మదిగా దిగుతుంది, కొట్టు చేరడానికి మీకు సమయం దొరుకుతుంది. మీరు ట్యూబులెస్‌కు మారడమే మంచిదని నా అభిప్రాయం, కాని అన్నిటికంటే ముందు రిమ్మును చూడాలి. టైరు అంచు కూర్చునే చోట, లోపలి వైపు, రిమ్ము చుట్టూ చిన్న గట్టు ఉందా లేదా వేలితో తడిమి చూడండి. మలుపులో టైరు అంచు లోపలికి జారకుండా ఆపేది ఆ గట్టే. రిమ్ము మీద కొలతలు అచ్చు వేసిన చోట హెచ్ అనే అక్షరం ఉంటే గట్టు ఉన్నట్టే. గట్టు లేని రిమ్ముకు ట్యూబులెస్ వేయకండి. ట్యూబులెస్ టైరులో ట్యూబు దూర్చి ఇస్తామని కొన్ని కొట్లలో అంటారు. ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి, కాబట్టి ఊరు చేరడానికి తప్ప దాన్ని నమ్ముకోకూడదు.

గట్టు ఉన్న రిమ్ములైనా తుప్పు మీద గాలి నిలవదు. టైరు అంచు కూర్చునే పట్టీని వైరు బ్రష్‌తో, ఆ తర్వాత నీటి కాగితంతో (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) మెరిసే దాకా రుద్ది, ప్రైమర్ పలచగా ఒక పూత, రంగు ఒక పూత వేసి పూర్తిగా ఆరనివ్వాలి. నట్లు కూర్చునే నాలుగు గుంటల్లోనూ, హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) ఆనుకునే వెనక తలంలోనూ మాత్రం మందంగా రంగు పడనీయకండి. బండి నడిచాక ఆ రంగు నలిగి పలచబడి నట్లు వదులవుతాయి. ఇలా వదులైన చక్రాలు నా కొట్టుకు ఏటా వస్తూనే ఉంటాయి. స్టెప్నీ రిమ్మును స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. పొరలు రాలి గట్టి ఇనుము తగిలితే బాగుచేసుకోవచ్చు, మొన దిగబడితే తూకానికి వేసేయండి. నడిమి పళ్ళేన్ని బయటి వలయానికి అతికిన వెల్డింగు దగ్గర తుప్పు తిన్నా అంతే.

ట్యూబులెస్ వేసిన ప్రతిసారీ రబ్బరు వాల్వు కూడా కొత్తది వేయించండి. చాలా తక్కువ ఖర్చయ్యే ఆ ముక్క మొదలులో పగిలి, కొత్త టైర్లలోంచి వారం వారం గాలి దిగిపోతుంటే జనం పంక్చర్ కోసం వెతుకుతుంటారు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలోని లనెల్లీ ఊళ్ళో ఒక వీధి పేరు. అక్కడ డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రం తయారుచేసి ఆ వీధి పేరుతో అమ్మారు. అక్కడివాళ్ళు ఆ మాట ఏనాడో మరిచారు, మనం మాత్రం ఇంకా అలాగే పిలుచుకుంటున్నాము.

జవాబు: పాత బండి (హనుమకొండ)

టైర్ల సంగతి పై వారు చెప్పారు కాబట్టి నేను నట్లు, జాకీ, నీళ్ళ గురించి మాత్రమే రాస్తాను. నా దగ్గర 1998 నాటి 800 ఉంది.

పట్టేసిన నట్టు మీద ఎక్కి తొక్కకూడదు. తుప్పు వదిలించే స్ప్రే ముందురోజు రాత్రి కొట్టి, ఉదయం మళ్ళీ కొట్టి, పానా పెట్టి, బిగించే వైపు ఒక్క పిసరు కదిలించి చూడండి. తుప్పు పట్టు అక్కడ వీడిందంటే విప్పే వైపు సులువుగా వస్తుంది. చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ సగం చుట్టు వదులు చేయాలి, జాకీ మీద ఉన్న బండిని గుంజకూడదు. బండితో ఇచ్చే పొట్టి పానాకు బదులు నాలుగు వైపులా పట్టు ఉన్న ప్లస్ పానా కొని డిక్కీలో పడేయండి. మూలలు అరిగిన నట్టు మీద బిగుతుగా పట్టే గూడు పానాను (సాకెట్) సుత్తితో దిగగొట్టి విప్పితే వస్తుంది. కొత్త నట్టుకు వెళ్ళేటప్పుడు పాతది నమూనాగా పట్టుకెళ్ళండి, మర తేడా ఉన్న నట్టు రెండు చుట్లు చేత్తో తిరిగి ఆ తర్వాత నట్టు ఎక్కే మరమేకునే (స్టడ్డు) తినేస్తుంది. బిగించేటప్పుడు నట్టు ఏటవాలు ముఖం రిమ్ము వైపు ఉండాలి, మొదటి నాలుగు చుట్లూ చేత్తోనే తిప్పాలి, ఎదురెదురు నట్లను బిగించాలి. చక్రం వేసిన తర్వాత వంద కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్ళీ బిగుతు చూసుకోవాలి. మరలకు గ్రీజు రాసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల అదే బలానికి నట్టు అవసరానికి మించి బిగిసి స్టడ్డు సాగుతుంది. రిమ్ము నడిమి రంధ్రం హబ్బుకు తగిలే చోట మాత్రం సన్నగా రాస్తే తుప్పుకు అతుక్కోదు.

జాకీ దగ్గర మీ బండి రేకు లోపలికి పోయిందంటే అది చిన్న సంగతి కాదు. జాకీ పెట్టే గాడి ఉన్న చోట లోపల రేకు తుప్పు తినేసింది. వెల్డరు దగ్గర పాత రేకు కోసి కొత్త ముక్క వేయించేదాకా ఆ చోట జాకీ పెట్టవద్దు, చెక్క అడ్డం పెట్టినా తాత్కాలికమే. మరొక సంగతి, ఇది ముందు చక్రాలకు ఇంజన్ బలం అందే బండి. ముందు చక్రం ఎత్తినప్పుడు గేరు వేసినా బండి ఆగదు, గాల్లో ఉన్న చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి. అప్పుడు వెనక చక్రాలను పట్టుకునే హ్యాండ్ బ్రేకే దిక్కు. వెనక చక్రం ఎత్తినప్పుడు దీనికి పూర్తిగా విరుద్ధం, హ్యాండ్ బ్రేకు ఒక్క చక్రాన్నే పట్టుకుంటుంది, గేరు కాపాడుతుంది. ఎప్పుడైనా రెండూ వేసి, ఐమూలగా ఎదురుగా ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. లోపల అమ్మానాన్నలను కూర్చోబెట్టి జాకీ ఎత్తకండి.

నీళ్ళు వస్తున్న చోటు పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చెబుతాను. చాప తీసి డిక్కీ అడుగు, పక్కలు పొడిగుడ్డతో తుడిచి, ముగ్గుపిండి పలచగా చల్లండి. డిక్కీ మూసి పైన గొట్టంతో పది నిమిషాలు నీళ్ళు పట్టండి. తలుపు తెరిచి చూస్తే ముగ్గుపిండిలో చార కనిపిస్తుంది, దాని మొదలు పట్టుకుని పైకి వెళ్ళడమే. సాధారణంగా డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగు గాని, వెనక లైటు వెనకాల ఉండే మెత్తటి పట్టీ గాని కారణమవుతుంది.

జవాబు: ఐదో చక్రం (హైదరాబాద్)

ఇంత శ్రమ ఎందుకన్నది నా సందేహం. మన 800కు వచ్చే 145/70 ఆర్12 సైజు మా వైపు ప్రతి కొట్టులోనూ దొరకడం లేదు. పాత ఆల్టోకు వచ్చిన 145/80 ఆర్12 అదే రిమ్ముకు ఎక్కుతుంది, బండి కొంచెం ఎత్తు కూడా లేస్తుంది. స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం చెప్పింది కదా, ట్యూబులెస్ వేయించుకుని పంక్చర్ కిట్టూ గాలి పంపూ పెట్టుకుంటే సరిపోతుంది. డిక్కీలో చోటు కూడా మిగులుతుంది.

జవాబు: టైర్ల కొట్టు (విజయవాడ)

ఐదో చక్రం గారూ, ఎక్కుతుందన్న మాట నిజమే, కాని లెక్క చూడండి. 145/70 ఆర్12 టైరు నిలువు కొలత దాదాపు 508 మిల్లీమీటర్లు, 145/80 అయితే 537. మీటరు అరవై చూపిస్తున్నప్పుడు బండి అరవైమూడు పైన పరుగెడుతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, లోపల నలుగురు కూర్చుని, గతుకు తగిలితే ముందు టైరు దాని పైనుండే ఫెండర్ లైనరుకు రాసుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, నాలుగు చక్రాలకు ఒక సైజు, స్టెప్నీకి మరో సైజు ఉంటే దాన్ని ముందు వేసినప్పుడు రెండు చక్రాలూ వేర్వేరు లెక్కన తిరిగి గేర్ బాక్సులో రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్‌కు విరామం ఉండదు. చెప్పి తెప్పించుకుంటే అసలు సైజు నాలుగైదు రోజుల్లో వస్తుంది. బరువు సూచిక 69 లేక అంతకు పైన ఉండాలి. 69 అంటే ఒక్కో టైరు 325 కిలోలు మోస్తుంది, ఈ చిన్న బండికి అది ధారాళం. ఐఎస్‌ఐ ముద్ర కూడా చూసుకోవాలి.

2020 సవరణ సంగతి మీరు సగమే చెప్పారు. టైరులో గాలి తగ్గితే డ్రైవరుకు తెలియజేసే ఏర్పాటు, ట్యూబులెస్ టైర్లు, రిపేరు కిట్టు మూడూ ఉన్న వాహనాలకు ఆ వెసులుబాటు ఇచ్చారు. 2003 నాటి 800లో మొదటిది లేదు. పైగా కిట్టులోని రబ్బరు పుల్ల నేలకు తగిలే భాగంలో దిగిన మేకుకే పనికొస్తుంది. పక్క గోడ చిరిగినా, గుంతలో పడి రిమ్ము వంకరపోయినా కిట్టు పక్కన పెట్టుకుని కూర్చోవలసిందే. పంపు మాత్రం అందరూ పెట్టుకోవాలి, ఆ మాటతో ఏకీభవిస్తాను.

జవాబు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు ఆదివారాలు పట్టింది, ఏం జరిగిందో రాస్తున్నాను.

స్టెప్నీ టైరును ఒంచి చూడగానే పక్క గోడ మీద పగుళ్ళు చేప మొప్పల్లా తెరుచుకున్నాయి. రిమ్ములో స్క్రూడ్రైవరు దిగబడింది. ట్యూబు తీస్తే దాని మీద తుప్పు పొరలు అతుక్కుని గరుకు కాగితంలా ఉన్నాయి. మిగిలిన నాలుగు రిమ్ములకూ గట్టు ఉంది, గీకి రంగు వేసుకున్నాను. అయిదో రిమ్ము పాత సామాన్ల కొట్టులో దొరికింది. దాన్ని హబ్బుకు బిగించి, అంచుకు దగ్గరగా చీపురుపుల్ల పట్టుకుని తిప్పి చూశాను, వంకర లేదు.

ముగ్గుపిండి పద్ధతికి మా అమ్మగారు నవ్వారు గాని, చార స్పష్టంగా కుడి వెనక లైటు కింద మొదలైంది. లైటు విప్పితే దాని పట్టీ నూకలా రాలిపోయింది. కొత్తది వేశాను. గుంట అడుగున నీళ్ళు పోవడానికి ఉన్న రంధ్రానికి రబ్బరు బిళ్ళ ఎండి బిగుసుకుపోయి ఉంది, దాన్ని కూడా మార్చాను. జాకీ దగ్గర రేకు రెండు వైపులా వెల్డింగు చేయించాను, టైర్లకన్నా ఆ పనికే ఎక్కువ రోజులు పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం తేలలేదు. 1817 టైర్లలో మెరుగైన దాన్ని స్టెప్నీగా ఉంచి నాలుగే కొత్తవి కొనమని మా మెకానిక్ అంటున్నారు. అయిదూ కొనడం దుబారా అవుతుందా? పాత స్టెప్నీ టైరును పక్క వీధిలో ఇటుకల చేతిబండికి అడుగుతున్నారు, ఇవ్వవచ్చా?

జవాబు: పాత బండి (హనుమకొండ)

మీ మెకానిక్ గారి మాట ఖర్చు దృష్టితో సరైనదే. పగుళ్ళు లేకపోతే ఆ టైరును ఇంకో ఏడాది స్టెప్నీగా ఉంచుకోవచ్చు, దాని మీద అరవై దాటకుండా కొట్టు చేరడానికే వాడాలి. టైర్ల కొట్టు గారు ఒప్పుకోరని తెలుసు.

జవాబు: టైర్ల కొట్టు (విజయవాడ)

ఒప్పుకోను. ఏడాది తర్వాత మళ్ళీ మార్చాలని ఎవరికీ గుర్తుండదు. అలా గుర్తుండకనే మీ నాన్నగారి స్టెప్నీ ఇరవైరెండేళ్ళు గుంటలో ఉండిపోయింది. అయిదూ ఒకే తేదీవి కొని, ఎనిమిది పది వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీని కూడా కలిపి చక్రాలు మార్చుతుంటే అది పడి ఉండి చెడే సమస్యే ఉండదు. స్టెప్నీలో గాలి తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినదానికంటే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి, గాలి కొట్టించిన ప్రతిసారీ దానికీ కొట్టించండి. బంకులో కుర్రవాడు స్టెప్నీ అడగడు, మీరే డిక్కీ తెరవాలి.

పాత టైరు చేతిబండికి ఇవ్వవచ్చు, నడిచే వేగానికి ప్రమాదం లేదు. ఇచ్చేముందు పక్క గోడను కత్తితో ఒక గాటు పెట్టి, లోపల ట్యూబుతో నడిపించుకోమనండి. గాటు లేకుండా ఇస్తే నల్లరంగు పూసుకుని ఏదో ఒక రోజు ఎవరి కారుకో ఎక్కుతుంది.

జవాబు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అయిదూ చెప్పాను, శుక్రవారం వస్తాయి. పాతదానికి గాటు పెట్టాను.